తాతయ్య రెండు చేతులూ ఎత్తిన గది

మా తాతయ్య ఒక కాలేజీలో ముప్పై ఒక్కేళ్లు పనిచేశాడు. ఒక్క పాఠం కూడా వినలేదు. "వినకుండానే ఇంత తెలివి వచ్చింది. వినుంటే ఏమైపోయేవాణ్నో!" అనేవాడు.

"ఏమైపోతారు, ఇంకో నాలుగు తాళాలు పోగొట్టేవారు" అనేది అమ్మమ్మ, చేస్తున్న పనిలోంచి తలెత్తకుండా.

తాళాలే ఆయన ఉద్యోగం. పొద్దున్నే గదులు తెరవాలి, సాయంత్రం మూయాలి, మధ్యలో విరిగిన కుర్చీలకు కాళ్లు బిగించాలి. మొత్తం నూట ముప్పై ఒక్క తాళంచెవులు. వాటిలో సగం ఎప్పుడూ ఆయన జేబుల్లోనే ఉండేవి కాబట్టి ఆయన నడుస్తుంటే ఎవరో గిన్నెలు మోసుకెళ్తున్నట్టు ఉండేది. పరీక్షల రోజుల్లో కాపీ కొట్టే పిల్లలకు ఆ చప్పుడంటే ప్రాణం. ఆ చప్పుడు దగ్గరికొస్తోందంటే వెనకాలే ఎవరో సారు వస్తున్నట్టు లెక్క. ఏ తాళంచెవి ఏ గదిదో గుర్తుపట్టడానికి దాన్ని బల్ల మీద టంగుమని కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని చెప్పేవాడు. పదిలో ఆరుసార్లు తప్పు చెప్పేవాడు. అయినా ఆ కళ్లు మూసుకునే తీరు చూసి కొత్తగా చేరిన సార్లు నోరెళ్లబెట్టేవాళ్లు.

కాలేజీ మొత్తం ఆయన్ని తాళాల తాత అనేది. ఆయనకు పాతికేళ్లప్పుడే అలా పిలిచారట. అప్పటికి నేను కాదు కదా, మా అమ్మ కూడా పుట్టలేదు.

మా ఇంట్లో రెండు గదులు, ఆరుగురు మనుషులు. ఆ ఇంట్లో తాతయ్యకంటూ ఉన్నది గోడకు ఒక మేకు. దానికి ఆయన చొక్కా తగిలించుకునేవాడు. రెండు రోజులకోసారి దాని మీద అమ్మమ్మ సంచి, దాని మీద పెద్దమ్మ గొడుగు, దాని మీద నా బ్యాగు చేరేవి. పొద్దున ఆయన చొక్కా కోసం తవ్వకాలు జరిగేవి. కానీ కాలేజీలో ఆయనకు ఒక గది ఉంది. మెట్ల కింద, కాస్త వంగి లోపలికి వెళ్లాలి. వెళ్లాక మాత్రం విశాలం. ఒక బెంచీ, ఒక చెయ్యి పోయిన పేము కుర్చీ, గోడ నిండా తాళాలు వేలాడే చెక్క, టీ కాచుకునే కరెంటు కెటిల్, పాత రేడియో. మధ్యాహ్నం రెండింటికి తలుపేసుకుని కుర్చీలో పడేవాడు. రెండూ నలభైకి లేచేవాడు. భూకంపం వచ్చినా ఆ నలభై నిమిషాలూ ఆయనవి. మా ఆరుగురిలో సొంత తలుపున్న మనిషి ఆయనొక్కడే. "నా గది" అనేటప్పుడు ఆయన గొంతు కొంచెం లావయ్యేది.

ఇప్పుడు అసలు సంగతి. ఎవరి నుంచైనా ఏదైనా దాచడం నాకు రాదు, అందుకని ముందే చెప్పేస్తున్నాను. ఆ గది తలుపు మీద ఒకప్పుడు అరచెయ్యంత రేకు ముక్క ఉండేది. దాని మీద "జి-14" అని ఉండేది. జి అంటే కింది అంతస్తు. తాతయ్య ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే కెటిల్ వేడికి బెంచీ కాలిపోతోందని ఆ రేకును స్క్రూలు తీసి ఊడబీకి, కెటిల్ కింద పెట్టుకున్నాడు. పెట్టుకుని మర్చిపోయాడు. ముప్పై ఒక్కేళ్లలో దాని మీద టీ ఎంత పొంగిందంటే, అది రేకో, రొట్టె మాడిందో చెప్పడం కష్టం.

ఆయన జీవితంలో జరిగిన పెద్ద గొడవకు కారణం ఆ ముక్క. ఇంకో కారణం, మిగిలిపోయిన ఒక కుర్చీ.

ఒకరోజు కాలేజీకి పైనుంచి ఉత్తరం వచ్చింది. రాబోయే మూడేళ్లలో కాలేజీకి ఏ యంత్రాలు కావాలి, ఏ గదిలో పెట్టాలి, ఎవరు చూసుకోవాలి, ఇదంతా అందరూ కలిసి కూర్చుని ఒక ప్రణాళిక రాయాలి. "అందరూ" అన్న మాట కింద రెండు గీతలు ఉన్నాయట. ప్రిన్సిపాల్ గారు సంఘం వేశారు. సార్ల నుంచి కొందరు, ఆఫీసు నుంచి ఒకరు, విద్యార్థుల నుంచి ఒకమ్మాయి. మా పెద్దమ్మ అదే కాలేజీ ఆఫీసులో టైపిస్టు. మీటింగులో మాట్లాడుకున్నది రాసే పని ఆమెకు పడింది. తాతయ్యకు కుర్చీలు వేసే పని పడింది.

తొమ్మిది కుర్చీలు వేశాడు. ఎనిమిది మందే వచ్చారు.

"ఈ తొమ్మిదోది ఎవరిది?" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

"ఎవరిదీ కాదు సార్. చెయ్యి ఖాళీగా ఉందని తెచ్చాను."

"ఖాళీ కుర్చీ ఉంటే సంఘం నిండుగా కనపడదు. అయినా అందరూ అని గీతలు కొట్టి మరీ రాశారు. మీరు కూర్చోండి."

అలా మా తాతయ్య మూడేళ్ల సాంకేతిక ప్రణాళికా సంఘంలో సభ్యుడయ్యాడు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి అమ్మమ్మతో, "ఏమేవ్, ఇవాళ్టి నుంచి నేను మీటింగు మనిషిని. కాస్త గౌరవంగా పిలువు" అన్నాడు.

"ఇదిగో మీటింగు మనిషీ, ఆ బక్కెట్టు ఇటు జరపండి" అంది అమ్మమ్మ.

ఆ మీటింగుల సంగతి మాకు రోజూ భోజనాల దగ్గర రెండు రకాలుగా తెలిసేది. తాతయ్య చెప్పేది ఒకటి, పెద్దమ్మ కాగితం చూసి దిద్దేది ఒకటి. నాకు తాతయ్య చెప్పేదే నచ్చేది. కానీ ఇక్కడ పెద్దమ్మ చెప్పిందే రాస్తున్నాను, ఎందుకంటే ఆమె ఇది తప్పకుండా చదువుతుంది.

మొదటి మీటింగులో ఎవరికేం కావాలో చెప్పమన్నారు. ఎవరైనా పుస్తకం ఎత్తుకుపోతే కూత పెట్టే గుమ్మం కావాలన్నాడు లైబ్రరీ సారు. విద్యార్థుల తరఫున వచ్చిన అమ్మాయి క్యాంటీన్‌లో ఇంటర్నెట్ అడిగింది. క్లాసుల్లో అక్కర్లేదు, క్యాంటీన్‌లో చాలంది. ఇంకొకాయన గోడంత తెర అడిగాడు. చివర్లో ప్రిన్సిపాల్ గారు మర్యాద కోసం, "మీకేం కావాలి పెద్దాయనా?" అన్నారు.

"ప్లగ్గు పాయింట్లు సార్."

"అదేంటి?"

"గోడకు ఉంటాయి కదా సార్, వాటిలో గుచ్చితే గానీ ఏదీ పనిచేయదు. కిందటిసారి పదకొండు యంత్రాలు వచ్చాయి. ఏడు ఇంకా అట్టపెట్టెల్లోనే ఉన్నాయి. గుచ్చడానికి చోటు లేదు. తాళం నేనే వేశాను, నాకు తెలుసు."

అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారట. అంతవరకూ వాళ్లు రాసిన నాలుగు పేజీల్లో ప్లగ్గు అన్న మాటే లేదు. పెద్దమ్మ అప్పటికప్పుడు దాన్ని అన్నిటికంటే పైన రాసింది. తాతయ్య చెప్పేదాని ప్రకారం అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. పెద్దమ్మ చెప్పేదాని ప్రకారం ఒకరు దగ్గారు.

ఆ సంఘానికి ఒక పద్ధతి ఉంది. ఏ నిర్ణయానికైనా అందరి చేతులూ లేవాలి. ఒక్క చెయ్యి కిందే ఉన్నా ఆ విషయం మళ్లీ మొదట్నుంచి మాట్లాడుకోవాలి. ప్రిన్సిపాల్ గారికి ఈ పట్టుదల ఊరికే రాలేదు. అంతకుముందు గోడలకు రంగులేసే సంఘంలో సగం మంది ఒక రంగు, సగం మంది ఇంకో రంగు అన్నారు. ఎవరూ తగ్గలేదు. అందుకే మా కాలేజీ ఎడమ సగం ఆకుపచ్చ, కుడి సగం మీగడ రంగు. దూరం నుంచి చూస్తే రెండు కాలేజీలు గుద్దుకున్నట్టుంటుంది.

చేతులన్నీ లేచాకే టీ ఫ్లాస్కు మూత తెరిచేవాళ్లు. ఇది కూడా పద్ధతే. అందువల్ల తాతయ్య చెయ్యి అందరికంటే ముందు లేచేది.

"నాన్నా, విషయమేంటో చెప్పకముందే ఎత్తేస్తే నేనేం రాసుకోను?" అనేది పెద్దమ్మ ఇంటికొచ్చాక.

"రాసుకో, ఆయన ముందుచూపున్న మనిషి అని."

మూడో మీటింగులో నెట్‌వర్క్ మేడం లేచింది. ఆమె కాలేజీలో కొత్తగా చేరింది, చురుకైన మనిషి, మాట్లాడుతూనే నడుస్తుంది, నడుస్తూనే రాస్తుంది. కాలేజీ కంప్యూటర్లన్నీ కలిపే ఒక పెద్ద యంత్రం వస్తోందని, దానికి ఒక గది కావాలని చెప్పింది. ఆ గది కారకూడదు. ఎండ తగలకూడదు. దుమ్ము ఉండకూడదు. ఎవరూ అందులోంచి అటూ ఇటూ తిరగకూడదు. తాళం గట్టిదై ఉండాలి.

"ఇన్ని లక్షణాలు మనుషుల్లోనే ఉండవమ్మా" అన్నాడు లైబ్రరీ సారు.

మేడం పాత బీరువాలోంచి కాలేజీ కట్టినప్పటి పటం తీసింది. పటాన్ని చెదలు తిన్నాయి. గదులు గీసిన మధ్యభాగమంతా పెద్ద కన్నం. పక్కన రాసిన గదుల జాబితా మాత్రం మిగిలింది. ఆమె వేలు పెట్టి చదువుతూ వచ్చి ఒకచోట ఆగింది. "జి-14. పన్నెండు అడుగులు, పది అడుగులు. రాతి నేల. బయటి గోడ లేదు. పైన అంతస్తు ఉంది. ఇదే! అచ్చం ఇదే కావాలి!"

"ఎక్కడుంది ఇది?" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

ఎవరికీ తెలియదు. మా కాలేజీలో గదుల్ని నంబర్లతో పిలిచేవాళ్లు లేరు. మార్కులు చెప్పే గది ఏడుపు గది. ఫ్యాన్ కిర్రుమనే గది సంగీతం గది. వెనక వరండా చివర, పైన అంతస్తు లేనిది గబ్బిలాల గది. నంబర్లున్న రేకులు కొన్ని తలుపుల మీద ఉన్నాయి గానీ, వాటిని బిగించిన పాతకాలం మనిషి గోనెసంచిలో చెయ్యి పెట్టి ఏది వస్తే అది బిగించుకుంటూ పోయాడు. మూడు పక్కన ఇరవై రెండు, దాని పక్కన తొమ్మిది. అన్నీ సరిగ్గా కుదిరింది జాబితాలో మాత్రమే. సంచిలోంచి తీసిన ప్రకారం రాసుకున్నాడు కాబట్టి.

"ఎక్కడున్నా సరే, జి-14ను యంత్రానికి ఇవ్వడానికి అందరికీ సమ్మతమేనా?" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

ఎనిమిది చేతులు లేచాయి. మా తాతయ్యవి రెండూ లేచాయి. ఆ రోజు టీతో పాటు బిస్కెట్లు కూడా వచ్చాయి మరి.

గది వెతికే బాధ్యత తాళాలున్న మనిషికే ఇచ్చారు. వారం గడువు. నెట్‌వర్క్ మేడం, లైబ్రరీ సారు తోడు. ముగ్గురూ కొలత టేపు పట్టుకుని రోజూ మధ్యాహ్నం మూడింటికి బయల్దేరేవాళ్లు. ఒకచోట గది పొడవు సరిపోయింది, కానీ కారుతోంది. ఒకచోట కారడం లేదు, కానీ అది గది కాదు, గదంత బీరువా. మూడో రోజు ఒక తలుపు తెరిచి లోపలికి అడుగుపెడితే పరీక్ష రాస్తున్న అరవై మంది తలలెత్తి చూశారు. తాతయ్య అందరికీ నమస్కారం పెట్టి తలుపేశాడు.

అలసిపోయి ముగ్గురూ ఎక్కడ కూర్చునేవాళ్లనుకుంటున్నారు? మెట్ల కింద.

"అబ్బ, ఎంత చల్లగా ఉంది తాతగారూ ఇక్కడ! దుమ్ము కూడా లేదు" అనేది మేడం, కుర్చీలో వెనక్కి వాలి.

"మూడు వానాకాలాలు చూశాను, నా గదిలో ఒక్క చుక్క పడదమ్మా. మూడేంటి, ముప్పై!"

"తాళం?"

"ఏనుగు తొక్కినా ఊడదు."

"ఇలాంటి గదొకటి దొరికితే చాలు, నేనింకేమీ అడగను" అనేది మేడం. లైబ్రరీ సారు నిట్టూర్చేవాడు. తాతయ్య కూడా వాళ్లకు తోడుగా నిట్టూర్చి, కెటిల్ ఎత్తి కప్పుల్లో టీ పోసి, మళ్లీ జి-14 మీద పెట్టేవాడు.

ఒకసారి లైబ్రరీ సారు అడగనే అడిగాడు. "ఇదే కాదు కదా పెద్దాయనా?"

"ఛఛ! ఇది గదేంటి సార్! ఇది మెట్ల కింద."

ముగ్గురూ తలూపారు. నాకు నవ్వొచ్చేది ఇక్కడే. ముప్పై ఒక్కేళ్లుగా "నా గది, నా గది" అని గొంతు లావు చేసుకునే మనిషే, ఎదుటివాళ్లు అడిగేసరికి అది గదే కాదన్నాడు. వాళ్లకూ అది నిజమే అనిపించింది.

ఐదో రోజు మేడం ఎలాగూ వస్తుంది కదా అని తాతయ్య గది శుభ్రం చేయడం మొదలెట్టాడు. బెంచీ తుడిచాడు, రేడియో తుడిచాడు, కెటిల్ కింద ఉన్న నల్లటి ముక్క తీసి ఇటుకపొడి వేసి రుద్దాడు. ముందు "జి" కనపడింది. ఎవరి పేరో అనుకున్నాడట. ఇంకా రుద్దాడు. ఒకటి వచ్చింది. "ఒకటేలే" అని ధైర్యం చెప్పుకుని ఇంకొంచెం రుద్దాడు. నాలుగు వచ్చింది.

ఆ మధ్యాహ్నం ఆయన రెండింటికి పడుకోలేదు. ముప్పై ఒక్కేళ్లలో మొదటిసారి.

ఇంటికొచ్చి ముద్ద నోట్లో పెట్టి నమలడం మర్చిపోయాడు. అమ్మమ్మ నుదురు పట్టుకు చూసింది. జ్వరం లేదు. చొక్కా తీసి మేకుకు తగిలిస్తుంటే జేబులోంచి రేకు ముక్క ఠంగుమని కింద పడింది. పెద్దమ్మ తీసి చూసింది, చూసి నేల మీద చతికిలపడింది.

"నాన్నా! ఇది..."

"అవును."

"మీ గదేనా?"

"కెటిల్ కింద ఉంది."

"దీన్ని వెతకడానికి ఐదు రోజులు నా చేత రోజుకో నివేదిక టైపు చేయించారు కదా!"

"నేను మాత్రం ఊరికే కూర్చున్నానా? నేనూ వెతికాను కదే!"

అమ్మమ్మకు ఇందులో సమస్యేంటో అర్థం కాలేదు. "దాన్ని మురిక్కాలవలో పారేయండి. ఎవరికి తెలుస్తుంది?" అంది. "ఆ గది పోతే ఈయన మధ్యాహ్నం ఇక్కడికొచ్చి పడుకుంటారు. నాకొద్దమ్మా."

"నేను వినలేదు. నేను మీటింగు రాసేదాన్ని, నేను ఇక్కడ లేను" అని పెద్దమ్మ చెవులు మూసుకుంది. వేళ్ల మధ్య సందులు మాత్రం ఉంచుకుంది.

"తాతయ్యా, దీన్ని ఇంకో తలుపుకు బిగించేస్తే సరి" అన్నాను నేను. చదువులో రాని తెలివి ఇలాంటి వాటిలో నాకు బోలెడు. "ఎవరికీ పనికిరాని గదికి."

తాతయ్య నా వైపు ఎంత ప్రేమగా చూశాడంటే, తర్వాత జరిగినదానికంతా నేనే కారణమని ఇంట్లో అందరూ తేల్చారు.

మర్నాడు అందరికంటే ముందు కాలేజీకి వెళ్లి గబ్బిలాల గది తలుపుకు జి-14 బిగించాడు. నాలుగు స్క్రూలు. కొత్తగా కనపడకూడదని కాస్త టీ కూడా పూశాడట.

కాలేజీ అంతా పండగే. దొరికిందంటే దొరికిందన్నారు. మేడం తలుపు తెరిచి లోపలికి వెళ్లింది. రెండు నిమిషాలు గడిచాయి. తర్వాత ఆమె నెత్తి మీద ఏదో పెట్టుకుని బయటికొచ్చింది. అది గబ్బిలం. అదీ మేడమూ ఒకేసారి అరిచారు. ఎగిరిపోయాక ఆమె జుట్టు సరిచేసుకుని, పట్టు వదలకుండా మళ్లీ లోపలికెళ్లి కొలిచింది. ఇరవై అడుగులు, పద్దెనిమిది అడుగులు.

"జాబితాలో పన్నెండు, పది కదా!" అంది.

"పాత రోజుల్లో అడుగులు పెద్దవేమో" అన్నాడు లైబ్రరీ సారు.

"ఇది కారుతోంది కూడా. నాలుగు చోట్ల."

"అమ్మా, మనం చేతులెత్తింది జి-14కి. తలుపు మీద ఉన్నది జి-14. మళ్లీ మొదలెడితే గడువు దాటిపోతుంది. కారితే ఒక బక్కెట్టు పెడదాం."

నివేదిక పంపడానికి చివరి రోజు మీటింగు. బయట వాన. ప్రిన్సిపాల్ గారు ప్రణాళిక మొత్తం చదివారు. కూత పెట్టే గుమ్మం, క్యాంటీన్ ఇంటర్నెట్, నూట ఇరవై ప్లగ్గు పాయింట్లు. "ఇక పెద్ద యంత్రం. జి-14లో, అంటే గబ్బిలాల గదిలో. ఇదే ఆఖరు. అందరికీ సమ్మతమేనా?"

నెట్‌వర్క్ మేడం చెయ్యి కూడా లేచింది. ఎవరో బలవంతంగా పైకి లాగినట్టు, మోచేతి వరకే. మిగతా అందరివీ లేచాయి.

తాతయ్య చేతులు రెండూ ఒడిలోనే ఉన్నాయి.

ఎవరూ ముందు గమనించలేదు. ఆ చెయ్యి ఎప్పుడూ పైనే ఉంటుంది కాబట్టి చూడాల్సిన పనే లేదు. ఫ్లాస్కు మూత తిప్పబోయిన ప్రిన్సిపాల్ గారు లెక్కపెట్టుకుని ఆగారు. మళ్లీ లెక్కపెట్టారు.

"పెద్దాయనా, నిద్రపోయారా?"

"లేదు సార్. ఆ గది కారుతుంది."

"బక్కెట్టు పెడదామన్నాం కదా."

"ముప్పై ఏళ్లుగా బక్కెట్టు పెడుతున్నది నేనే సార్. గంటకు నిండుతుంది. యంత్రం మీద పడుతుంది." పెద్దమ్మ తల పైకెత్తకుండా రాస్తూ ఉంది. ఏమీ రాయడం లేదని, కాగితం మీద గీతలు గీస్తూ ఉందని మాకు తర్వాత చెప్పింది. "అసలు అది జి-14 కాదు సార్. ఆ రేకు నేనే బిగించాను. జి-14 మెట్ల కింద ఉంది. నా గది."



"మరి అబద్ధం ఎందుకాడారు?" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

"గది పోతుందని సార్."

ఇంత సూటిగా సమాధానం వస్తుందని ఆయన అనుకోలేదు. చాలాసేపు కళ్లజోడు తుడుచుకున్నారు.

"తాతగారూ, గబ్బిలం నా తల మీద కూర్చుంది" అంది మేడం.

"తెలుసమ్మా. తప్పయిపోయింది. అది మెత్తటి చోటు చూసుకుని కూర్చుంటుంది, కరవదు."

విద్యార్థుల అమ్మాయి బల్ల కిందికి దూరి నవ్వింది. లైబ్రరీ సారు దగ్గాడు. మేడం మూతి బిగించుకుంది గానీ అది ఎక్కువసేపు నిలవలేదు.

"పోనీ, ఆ గది మీకే ఉంచేసి యంత్రానికి ఇంకోటి వెతుకుదామా?" అన్నారు ప్రిన్సిపాల్ గారు, మనసు కరిగి.

"వద్దు సార్. వెతికింది నేనే కదా, ఇంకోటి లేదు. నేను తడిస్తే ఆరతాను. అది తడిస్తే ఆరదట, మేడం చెప్పింది." ఇలా అని తాతయ్య తన కుడిచెయ్యి ఎత్తాడు. ఒక్క చెయ్యే. అది కూడా బరువు మోస్తున్నట్టు మెల్లగా.

అందరూ మళ్లీ చేతులెత్తారు. ఎనిమిదయ్యాయి. ఈసారి మేడం చెయ్యి కింద ఉంది.

"ఇప్పుడు మీకేమైందమ్మా?" అన్నారు ప్రిన్సిపాల్ గారు, ఫ్లాస్కు వైపు దిగులుగా చూస్తూ.

"పదహారు పేజీలు రాశాం సార్. ప్రతి యంత్రం మూడేళ్లు ఎక్కడుంటుందో రాశాం. తాతగారు ఎక్కడుంటారో ఎక్కడా లేదు. అది రాసేదాకా నేను ఎత్తను."

పేజీలన్నీ తిరగేశారు. నిజంగానే లేదు. ఆ నూట ముప్పై ఒక్క తాళాలు ఎక్కడ వేలాడతాయో కూడా లేదు. ఆఫీసులో ఒక మూల ఇద్దామన్నారు ఒకరు. వరండాలో బల్ల వేద్దామన్నారు ఇంకొకరు. చివరికి ప్రిన్సిపాల్ గారు, "మీరే చెప్పండి, మీకేం కావాలి?" అన్నారు.

"గబ్బిలాల గది ఇచ్చేయండి సార్."

"అది నాలుగు చోట్ల కారుతుంది కదా!"

"ఐదో చోట కుర్చీ వేసుకుంటాను."

"గబ్బిలాలో?"

"పగలు వాటికీ పనేముంది సార్. పడుకుంటాయి."

తొమ్మిది చేతులూ లేచాయి. ఆ మీటింగు గురించి పెద్దమ్మ రాసింది ఒకే వాక్యం: "గదుల కేటాయింపుపై చర్చ జరిగింది." ఎంత బతిమాలినా రెండో వాక్యం రాయలేదు. "నాన్న అబద్ధమాడారని నా చేత్తో టైపు చేయనా?" అంది.

తర్వాతి వారం తాతయ్య తాళాల చెక్కను తనే ఊడదీసుకుని, తనే మోసుకుని వెనక వరండాకు మారాడు. మెట్ల కింద గదిలో యంత్రం చేరింది. తలుపు సన్నగా ఉండి అది దూరకపోతే, గుమ్మం చెక్కలు విప్పి లోపలికి పెట్టించింది కూడా ఆయనే. పెట్టించి, బయటికొచ్చి, కొత్త తాళం వేసి, ఆ తాళంచెవిని బల్ల మీద టంగుమని కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడట. ఈసారి ఏ గదిదో చెప్పలేదని పెద్దమ్మ అంది. ఆ రోజు ఆమె కూడా ఆయన్ని ఏమీ దిద్దలేదు.

నేను చూడ్డానికి వెళ్లింది ఒక నెల తర్వాత. మధ్యాహ్నం రెండు దాటింది. గబ్బిలాల గది తలుపు దగ్గరగా వేసి ఉంది. తోసి, "తాతయ్యా!" అని కేకేశాను.

ఎత్తైన కప్పు, ఒకవైపు పెద్ద కిటికీ, కిటికీలోంచి వెనక మైదానం అంతా కనపడుతోంది. నాలుగు బక్కెట్లకు సరిగ్గా నడుమ కుర్చీ, కుర్చీలో తాతయ్య. ఒక కన్ను తెరిచాడు. వేలు పెదాల మీద పెట్టుకుని, నొచ్చుకున్నట్టు మొహం పెట్టి, ఇంకో వేలితో పైకప్పు వైపు చూపించాడు.

"మెల్లగా మాట్లాడవే. ఇప్పుడే పడుకున్నాయి."